గుల్మార్గా, ఆల్ప్సా, అసలు వద్దా?

నెల్లూరు తీరంలో జనవరి రాత్రి కూడా ఉష్ణోగ్రత ఇరవై డిగ్రీల చుట్టుపక్కలే ఆగుతుంది. అలాంటి చోటి నుంచి మంచువాలు మీద జారడానికి ఎంత దూరం పోవాలి అని ఒకప్పుడు ఎవరైనా అడిగితే వేళాకోళం అనుకునేవాళ్లు. ఇప్పుడు కొన్ని ఇళ్లలో అది లెక్కలు వేసుకునే సంగతి. చెన్నై విమానాశ్రయం రోడ్డు మీద మూడు నాలుగు గంటలు. పాస్‌పోర్టు బీరువాలో ఉంది. పిల్లలు డెన్వర్‌లోనో సియాటిల్‌లోనో ఉన్నారు. రొయ్యకు ధర పలికిన ఏడు చేతిలో నాలుగు డబ్బులూ ఆడతాయి. వెళ్లే వీలు దొరికేసరికి ఎక్కడికన్న దగ్గర చిక్కు పడింది. ఒకరు కశ్మీరులో గుల్మార్గ్ ఉండగా విదేశం ఎందుకంటారు, ఒకరు వెళ్తే స్విట్జర్లాండే అంటారు, ఇంకొకరు ఆ డబ్బుతో రొయ్యల గుంటకు ఏరేటర్లు కొనుక్కోమంటారు.

ఈ వాదనలో అయోమయానికి కారణం, మూడు వేరు వేరు కోరికల్ని ఒకే మూటగా కట్టడం. మంచు చూడాలన్నది మొదటిది. స్కీయింగ్ నేర్చుకోవాలన్నది రెండోది. నేర్చుకున్నాక పొడవాటి వాలుల మీద రోజంతా తిరగాలన్నది మూడోది. మొదటిదానికి పూట చాలు, రెండోదానికి కనీసం వారం, మూడోదానికి ఏళ్లు. ఒకరి ప్రశ్నకు ఇంకొకరి జవాబు చెప్పుకుంటూ పోతే వాదం తెగదు.

మద్రాసు నుంచి మొదలైన కథ

స్కీ సెలవు అన్న వ్యాపారానికి మన వైపుతో ఓ చిత్రమైన బంధుత్వం ఉంది. హెన్రీ లన్ అనే మెథడిస్టు మిషనరీ 1887లో ఇండియాకు వచ్చాడు. మరుసటి ఏడు, 1888లో, ఆయన కొడుకు ఆర్నాల్డ్ లన్ మద్రాసులో పుట్టాడు. నెల్లూరు జిల్లాకు అప్పటి రాజధాని ఆ ఊరే. తండ్రి ఇంగ్లండు తిరిగి వెళ్లాక ప్రయాణాల సంస్థ పెట్టి, ఇంగ్లిషు మధ్యతరగతికి చలికాలంలో ఆల్ప్స్ వెళ్లడం అలవాటు చేసిన తొలివాళ్లలో ఒకడయ్యాడు. కొడుకు 1922లో స్విట్జర్లాండులోని మ్యూరెన్‌లో, పాతిన జెండాల మధ్య మెలికలు తిరుగుతూ దిగే నేటి స్లాలమ్ పోటీకి నియమాలు ఏర్పరిచాడు. ఆ కాలపు ప్రసిద్ధమైన పందెం కప్పుకు పేరిచ్చిన కాందహార్ రాబర్ట్స్ ప్రభువు 1880లలో మద్రాసు సైన్యానికి సేనాధిపతి. చలికాలపు మంచు కోసం సముద్రాలు దాటి వెళ్లడమన్న ఆలోచనను పెంచింది మంచులో పుట్టినవాళ్లు కారు, ఖర్చు పెట్టగలిగిన మైదానపు మనుషులు. నెల్లూరు మనిషి ఇవాళ అదే దారి తొక్కితే వింతపడాల్సిందేమీ లేదు.

మన దేశంలో 1927లో గుల్మార్గ్‌లో బ్రిటిష్ అధికారులు స్కీ క్లబ్ ఆఫ్ ఇండియా పెట్టారు. స్వాతంత్ర్యం తరవాత 1948లో సైన్యం అక్కడే మంచుకొండల యుద్ధ శిక్షణ మొదలుపెట్టింది. 1961లో మనాలీలో పర్వతారోహణ సంస్థ, 1968లో గుల్మార్గ్‌లో కేంద్ర పర్యాటక శాఖ స్కీయింగ్ సంస్థ వచ్చాయి. గుల్మార్గ్ గొండోలా రోప్‌వే తొలి దశ 1998లో, అఫర్వత్ శిఖరం దాపుకు చేర్చే రెండో దశ 2005లో తెరిచారు. అంటే సామాన్య యాత్రికుడికి హిమాలయంలో నిజమైన స్కీ వాలు అందుబాటులోకి వచ్చి పాతికేళ్లు దాటింది.

తెలుగువాళ్ల ఊహలో మాత్రం మంచు ఆల్ప్స్‌లోనే స్థిరపడింది. అందుకు సినిమా పాటలు కారణం. వెండితెర మీద హీరోయిన్ పల్చటి చీరలో మంచు మీద నాట్యమాడటం చూసిన తరాలకు అక్కడి చలి ఎంతో తెలియదు, స్కీయింగ్ సంగతి అసలే తెలియదు. ఇప్పటికీ స్విట్జర్లాండు ప్యాకేజీల్లో వెళ్లే మనవాళ్లలో ఎక్కువమంది మే, జూన్‌లలో 3,454 మీటర్ల ఎత్తున ఉన్న యుంగ్‌ఫ్రావ్‌యోహ్ స్టేషన్‌కు రైల్లో వెళ్లి, గంటా రెండు గంటలు మంచులో ఆడుకుని దిగి వస్తారు. అది నిండైన సంతోషమే, దాన్ని తక్కువ చేయక్కర్లేదు. కానీ అది మొదటి కోరిక. రెండో, మూడో కోరికల గురించి అది ఏమీ తేల్చదు.

మంచు సంగతి వస్తే నెల్లూరు జిల్లాలో తలవాల్సిన పేరు మల్లి మస్తాన్‌బాబుది. సంగం మండలం గాంధీ జనసంఘం గ్రామంలో పుట్టి, 2006లో ఏడు ఖండాల ఎత్తయిన శిఖరాలను 172 రోజుల్లో ఎక్కిన మనిషి. 2015లో ఆండీస్‌లో చనిపోయాడు. ఆయన చేసింది సెలవు విహారం కాదు. అయినా సముద్రమట్టంలో పెరిగిన ఒంటికి మంచు అసాధ్యం కాదని, అది ఆటవస్తువూ కాదని రెండూ ఆయన జీవితం వల్ల జిల్లాకు తెలిశాయి.

ముందు హిమాలయం అనేవాళ్లు

ఈ పక్షం వాదం సూటిగా ఉంటుంది. చెన్నై నుంచి శ్రీనగర్ ఆకాశమార్గాన దాదాపు 2,400 కిలోమీటర్లు. దుబాయ్ అంతకన్నా దూరం. వీసా అక్కర్లేదు, రూపాయలే చెల్లుతాయి, హిందీ నాలుగు ముక్కలు వస్తే నెట్టుకురావచ్చు. గుల్మార్గ్, మనాలీ సంస్థల్లో వారం నుంచి రెండు వారాల దాకా శిక్షణ కోర్సులు నడుస్తాయి, బసా భోజనంతో కలిపి ఐరోపాలో రెండు మూడు రోజుల ఖర్చుకు మించవు. విమానం వద్దనుకుంటే చెన్నై నుంచి కత్రా వెళ్లే అండమాన్ ఎక్స్‌ప్రెస్ నెల్లూరు మీదుగానే పోతుంది. 2025 జూన్‌లో చీనాబ్ వంతెన మీదుగా కత్రా, శ్రీనగర్ మధ్య రైలు మొదలయ్యాక, నెల్లూరు ప్లాట్‌ఫాం మీద ఎక్కి కశ్మీరు లోయ దాకా పట్టాల మీదే పోగల రోజులొచ్చాయి.

ఈ వాదంలో బలం నేర్చుకునేవాళ్లకు సంబంధించినది. మొదటి మూడు రోజులు ఏ దేశంలోనైనా ఒకటే: స్కీల ముందు కొనలు దగ్గరికి చేర్చి వేగం తగ్గించుకోవడం, పడటం, లేవడం, మళ్లీ పడటం. దానికి వంద గజాల మెత్తటి వాలు చాలు. ఆ వంద గజాల కోసం ఏడు వేల కిలోమీటర్లు ఎగరడం డబ్బుకు చేసే అన్యాయం.

బలహీనతలు ఈ పక్షంవాళ్లు మెల్లగా చెబుతారు. గుల్మార్గ్ ఖ్యాతి అంతా ఎగువన తొక్కని మంచులో దిగే ఆరితేరిన విదేశీయుల వల్ల వచ్చింది. కొత్తవాళ్లకు దిగువ మైదానమే గతి. ఆ రెంటికీ మధ్య ఉండాల్సిన, కాస్త నేర్చినవాడు రోజంతా తిరిగే చదును చేసిన మధ్యరకం వాలులు తక్కువ. ఎగువన హిమపాతాల ప్రమాదం ఉంది. 2023 ఫిబ్రవరిలో ఇద్దరు పోలండు స్కీయర్లు, 2024 ఫిబ్రవరిలో ఒక రష్యన్ అక్కడ చనిపోయారు. ఉత్తరాఖండ్‌లోని ఔలీది ఇంకో ఇబ్బంది. 2011లో దక్షిణాసియా శీతాకాల క్రీడలు జరిగిన ఆ వాలు కింద ఉన్న జోషీమఠ్ పట్టణం 2023 జనవరిలో నేల కుంగి బీటలు వారింది, రోప్‌వే ఆపేశారు. అదే ఏడు ఫిబ్రవరిలో జరగాల్సిన జాతీయ పోటీలు మంచు లేక రద్దయ్యాయి.

2025 ఏప్రిల్ 22న పహల్గాం దాడిలో 26 మంది చనిపోయారు. వారిలో తెలుగువాళ్లూ ఉన్నారు. ఆ తరవాత కశ్మీరులో 87 పర్యాటక స్థలాల్లో 48ని కొంతకాలం మూసేశారు. ఈ భయాన్ని గణాంకాలతో కొట్టిపారేసే వాదం నాకు మింగుడుపడదు. కుటుంబంతో వెళ్లేవాడి నిర్ణయంలో భయమూ ఒక ఖర్చే, దాన్ని లెక్కలో వేసుకోవాల్సిందే.

వెళ్తే ఆల్ప్సే అనేవాళ్లు

ఈ పక్షం చెప్పేది సదుపాయాల గురించి. ఆల్ప్స్‌లో ఒక్క పాస్‌తో వందల కిలోమీటర్ల వాలులు తిరగవచ్చు. రాత్రంతా యంత్రాలు మంచును చదును చేస్తాయి. వాలు ఎంత కఠినమో రంగుల గుర్తులు చెబుతాయి, పిల్లలకు వేరే బడులుంటాయి, కాలు విరిగితే హెలికాప్టర్ వస్తుంది. స్విట్జర్లాండులో రెగా అనే సంస్థ 1952 నుంచి ఆ పని చేస్తోంది. భారత స్కీయర్ ఆరిఫ్ ఖాన్ ఉదాహరణ వీళ్లకు బాగా పనికొస్తుంది. గుల్మార్గ్ వాలుల మీద పెరిగి, 2022 బీజింగ్ శీతాకాల ఒలింపిక్స్‌లో భారతదేశం తరఫున దిగిన ఏకైక క్రీడాకారుడాయన. ఆయన కూడా శిక్షణకు ఐరోపా వెళ్లాల్సి వచ్చింది.

ఒంటి సంగతిలో కూడా ఈ పక్షం చేతిలో ఒక మంచి ముక్క ఉంది, ఎందుకో తక్కువగా వాడుతుంది. గుల్మార్గ్ ఊరే 2,650 మీటర్ల ఎత్తున ఉంటుంది, గొండోలా పై కొస నాలుగు వేల మీటర్లకు దగ్గర. సముద్రమట్టం నుంచి ఒక్క రోజులో అక్కడికి చేరినవాళ్లకు తలనొప్పి, ఆయాసం, నిద్రపట్టకపోవడం మామూలు. ఆల్ప్స్ స్కీ గ్రామాలు చాలావరకు వెయ్యి నుంచి రెండు వేల మీటర్ల మధ్య ఉంటాయి. జపాన్‌లోని నిసేకోలో అయితే కొండ శిఖరమే 1,308 మీటర్లు. బీపీ ఉన్న అరవై ఏళ్ల మనిషికి ఈ తేడా ఖర్చు తేడా కంటే ముఖ్యమైంది.

ఖర్చు మాత్రం గట్టిదే. షెంజెన్ వీసా రుసుము 2024 జూన్ నుంచి పెద్దవాళ్లకు 90 యూరోలు, దానికి వీసా కేంద్రం సేవా రుసుము అదనం. 30,000 యూరోల బీమా తప్పనిసరి. పెద్ద స్విస్ కేంద్రాల్లో రోజు పాస్ వంద ఫ్రాంకుల దరిదాపు. 2023 అక్టోబరు నుంచి విదేశీ ప్యాకేజీల మీద ముందుగా వసూలుచేసే పన్ను పెంచారు; తరవాత బడ్జెట్లలో పరిమితులు మారుతూ వచ్చాయి. అది చివరికి ఆదాయపు పన్నులో సర్దుబాటయ్యేదే అయినా, చేతిలో డబ్బు నెలల తరబడి చిక్కుకుంటుంది. పైగా మొదటిసారి వెళ్లే నలుగురి కుటుంబంలో ఇద్దరు రెండో రోజే స్కీలు విప్పి కాఫీ దుకాణంలో కూర్చుంటే, ఆ పాస్‌ల డబ్బు మంచులో పోసినట్టే.

నడిమి దూరం

ఈ మధ్య బలపడిన ఇంకో పక్షం కజకిస్థాన్‌లోని అల్మటీ పేరెత్తుతుంది. చెన్నై నుంచి గీత గీస్తే దాదాపు 3,400 కిలోమీటర్లు, జూరిచ్ దూరంలో సగం లోపే. ఢిల్లీ నుంచి విమానంలో నాలుగు గంటలకు లోపు. 2022 నుంచి భారతీయులు 14 రోజుల దాకా వీసా లేకుండా కజకిస్థాన్‌లో ఉండవచ్చు. నగరం అంచున మెదేవ్ నుంచి కేబుల్ కారెక్కితే షింబులాక్ స్కీ కేంద్రం. వాలులు 2,260 మీటర్ల దగ్గర మొదలై 3,200 దాకా లేస్తాయి. జార్జియాలోని గుదౌరీ కూడా ఇదే కోవది, దానికి ఈ-వీసా కావాలి. రెండో కోరిక ఉన్నవాళ్లకు, గుల్మార్గ్ మీద నమ్మకం చాలనివాళ్లకు, ప్రస్తుతం ఇంతకన్నా నికరమైన బేరం కనిపించదు. శాకాహారుల తిండి ఇబ్బంది మాత్రం చెప్పి తీరాలి. గుర్రపు మాంసం గొప్పగా వడ్డించే దేశమది, పచ్చడి సీసా వెంట ఉండాల్సిందే.

దుబాయ్‌లోని ఒక మాల్‌లో 2005లో తెరిచిన లోపలి వాలు పొడవు 400 మీటర్లు. గల్ఫ్‌లో అన్నయ్యో బావో ఉన్న ఇళ్లవాళ్లు, ఈ ఆట తమకు పడుతుందో లేదో తెలుసుకోవడానికి అది చాలు. హైదరాబాదు స్నో వరల్డ్ అందుకూ చాలదు.

క్యాలెండరు దగ్గర ఆగే బండి

దూరం, డబ్బు అని జనం వాదిస్తారు గానీ, నెల్లూరు తీరం నుంచి బయల్దేరేవాళ్ల నిర్ణయాన్ని నిజంగా తేల్చేది తేదీలు. ఈ ముక్క ట్రావెల్ ఏజెంట్ల కరపత్రాల్లో కనిపించదు.

ఉత్తరార్ధగోళంలో స్కీ కాలం డిసెంబరు నుంచి మార్చి దాకా. ఇక్కడి వ్యవహారం చూడండి. నవంబరు, డిసెంబరు ఈశాన్య రుతుపవనాలవి, తుపానులవి. 2021 నవంబరులో పెన్న వరదకు పడుగుపాడు దగ్గర రైలుకట్ట కొట్టుకుపోయింది. 2023 డిసెంబరు 4న మిచౌంగ్ తుపానుకు చెన్నై విమానాశ్రయమే మూతపడింది. వరి రైతుకు డిసెంబరు, జనవరి నాట్ల కాలం. సోమశిల నీళ్లొచ్చాక మడి వదిలి పోలేడు. రొయ్యల రైతుకు ఫిబ్రవరి, మార్చి వేసవి పంటకు పిల్ల వదిలే కాలం. ఇంటర్, పదో తరగతి పిల్లలున్న ఇంట్లో సంక్రాంతి దాటితే నోరెత్తే ధైర్యం ఎవరికీ ఉండదు. బడికి నిజమైన సెలవులు ఏప్రిల్ చివరి నుంచి జూన్ రెండో వారం దాకా, అప్పటికి ఉత్తరాన మంచు కరిగిపోతుంది.

మిగిలింది సంక్రాంతి. ఆ పది రోజులు కశ్మీరులో చిల్లై కలాన్ నడుమ పడతాయి. డిసెంబరు 21న మొదలై నలభై రోజులు సాగే గడ్డుచలి అది. కాగితం మీద ఇంతకన్నా మంచి ముహూర్తం లేదు. కానీ 2024 జనవరి నడిమిలో గుల్మార్గ్ వాలులు నేల తేలి ఉన్నాయి, నెలాఖరుకు గానీ మంచు పడలేదు. 2025లో అక్కడ ఫిబ్రవరిలో జరగాల్సిన ఖేలో ఇండియా శీతాకాల పోటీలు మంచు చాలక మార్చికి జరిగాయి. సంక్రాంతి తేదీని జరపలేం కాబట్టి గుల్మార్గ్ టికెట్టు ముందుగా కొనడం కొంత జూదమే.

అదే పది రోజుల్లో ఆల్ప్స్ కథ తిరగబడుతుంది. క్రిస్మస్, కొత్త సంవత్సరం రద్దీ జనవరి మొదటి వారంతో తీరిపోతుంది. ఐరోపా బడుల సెలవులు మళ్లీ ఫిబ్రవరిలో. మధ్యలో వచ్చే జనవరి వారాలు అక్కడ చవక వారాలు, వాలులూ ఖాళీ. సంక్రాంతి సరిగ్గా అందులో పడుతుంది. దూరం వద్దనేవాళ్లు ఈ లెక్క చూడటం లేదు. పెద్ద పండక్కి ఇల్లు వదిలి వెళ్లడమా అన్నది వేరే తగువు, అందులో తలదూర్చను.

వేసవి సెలవుల్లోనే వెళ్లాలంటే దారులు రెండే. ఆస్ట్రియాలోని హింటర్‌టుక్స్, స్విట్జర్లాండులోని జెర్మాట్ హిమానీనదాల మీద వేసవిలోనూ స్కీ నడుస్తుంది. అయితే 2022 జులై చివర్లో జెర్మాట్ కూడా మంచు కరుగుతోందని వేసవి వాలులు మూసింది. రెండోది న్యూజీలాండ్. అక్కడ కాలం మొదలయ్యేది జూన్ నడిమిలో, మన బడులు తెరిచేది జూన్ 12న. దసరా సెలవులకు అక్కడ చివరి మంచు కొంత మిగులుతుంది, దాని కోసం పదకొండు వేల కిలోమీటర్లు పోవాలి.

అమెరికాలో పిల్లలున్న ఇళ్లు

వీళ్ల లెక్క వేరు. టికెట్టు ఎలాగూ మనవడి కోసం కొన్నదే, దూరం ఖర్చు అప్పుడే పడిపోయింది. బే ఏరియా నుంచి తాహో కొండలు కారులో నాలుగు గంటలు. తెలిసి చేయాల్సిన పని ఒకటే. కొలరాడోలోని వేల్ లాంటి పెద్ద కేంద్రంలో అప్పటికప్పుడు కొనే రోజు టికెట్టు 300 డాలర్లు దాటింది; సీజను పాస్ శరత్కాలానికి ముందే కొని ఎక్కువ రోజులు తిరిగేవాళ్లకు రోజుకు అందులో చిన్న భాగమే పడుతుంది. పిల్లలు ఆగస్టులో అడిగితే జనవరి సంగతి అప్పుడే చెప్పాలి.

అసలే వద్దనేవాళ్లు

వీళ్లలో రెండు రకాలు. డబ్బు దండగ అనేవాళ్ల గురించి చెప్పేదేం లేదు, ఎవరి డబ్బు వాళ్లది. వాతావరణం పేరుతో వద్దనేవాళ్ల వాదం బరువైనది. స్కీ సెలవు వల్ల గాల్లో కలిసే కర్బనంలో పెద్ద వాటా ప్రయాణానిదే. చెన్నై నుంచి జూరిచ్ 7,600 కిలోమీటర్లు, శ్రీనగర్‌కు మూడింతలు. ఇంధనమూ ఇంచుమించు అదే నిష్పత్తి. 2023లో నేచర్ క్లైమేట్ చేంజ్ పత్రికలో వచ్చిన అధ్యయనం 28 ఐరోపా దేశాల్లోని 2,234 స్కీ కేంద్రాలను పరిశీలించింది. భూమి రెండు డిగ్రీలు వేడెక్కితే వాటిలో 53 శాతానికి మంచు కరువు ముప్పు తీవ్రమవుతుందని, కృత్రిమ మంచు వాడినా అది 27 శాతానికే తగ్గుతుందని తేల్చింది.

ఈ వాదానికి ఎదురు ప్రశ్న తీరం నుంచే వస్తుంది. సముద్రం పెరిగితే ముందు మునిగేది పులికాట్ ఒడ్డు పల్లెలు. శతాబ్దం పైగా ఐరోపా జనం చేసిన విహారాల లెక్క అడగకుండా, జీవితంలో ఒక్కసారి వెళ్లే కోడూరు మనిషిని నిలదీయడం న్యాయమా? ఇది గట్టి ప్రశ్నే. అయితే ఇది ఒక్కసారి వెళ్లేవాడికి వర్తించే రక్షణ. ఏటా వెళ్లేవాడు దీని చాటున దాక్కోలేడు.

పక్కపక్కన పెడితే

మంచు చూడటమే కోరికైతే జనవరి వెంట పడొద్దు. మే నెలలో రోహ్‌తంగ్ అయినా యుంగ్‌ఫ్రావ్ అయినా సరే, స్కీ మాటే ఎత్తనక్కర్లేదు. నేర్చుకోవాలంటే బడిపిల్లలు లేని యువకులకు ఫిబ్రవరి గుల్మార్గ్, మనాలీ కోర్సులే అన్నిటికంటే మేలు. సంక్రాంతికే కుదిరే కుటుంబాలకు అల్మటీ. ఎత్తు పడనివాళ్లకు జపాన్, లేదా ఆల్ప్స్‌లో దిగువ గ్రామాలు. ఆల్ప్స్ పెద్ద వాలుల ఖర్చు గిట్టేది, అంతకుముందే ఎక్కడో రెండు వారాలు పడి లేచినవాళ్లకు. ప్రచారం మాత్రం దీనికి తలకిందులుగా నడుస్తోంది: కొత్తవాళ్లను ఆల్ప్స్‌కు పంపి, నేర్చినవాళ్లను గుల్మార్గ్ చాలునంటుంది.

తేలని సంగతులు

హిమాలయంలో మంచు రాక ముందుముందు ఎలా ఉంటుందన్నది మొదటిది. ఈ రెండు మూడేళ్ల ఆలస్యాలు వరసగా వచ్చిన చెడ్డ సీజన్లా, మారిన కాలమా? జవాబు రెండోదైతే ముందు హిమాలయం అనేవాళ్ల వాదం కాళ్లే విరుగుతాయి.

రెండోది బీమా. ఇక్కడ అమ్మే ప్రయాణ బీమా పాలసీలు చాలావాటిలో సాహస క్రీడల గాయాలకు పరిహారం ఉండదు, విడిగా జోడించుకోవాలి. షెంజెన్ వీసాకు పనికొచ్చిన పాలసీ వాలు మీద మోకాలి లిగమెంటు తెగితే పనికి రాకపోవచ్చు. హెలికాప్టర్ ఖర్చు, అక్కడి శస్త్రచికిత్స, ఒంటికాలితో చెన్నై దాకా తిరుగు ప్రయాణం, ఆ తరవాత నెలల తరబడి ఫిజియోథెరపీ, ఇవన్నీ ఎవరి నెత్తిన పడతాయన్నది ప్యాకేజీ అమ్మేవాళ్లు తమంతట తాము చెప్పరు. టికెట్టు కొనకముందే పాలసీ కాగితంలో మినహాయింపుల పేజీ అడిగి తీసుకుని, అందులో స్కీయింగ్ పేరు ఉందో లేదో వెతికి చూసుకోవాలి. గుర్తులు పెట్టి చదును చేసిన వాలుల బయట జరిగే ప్రమాదానికి వేరే నిబంధన ఉండవచ్చు, అదీ వెతికి చూసుకోవాలి.